భయభక్తుల సాధన: గోదావరి మన్యపు సంఘాలలో శీల నిర్మాణ చర్చ

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల మీదుగా ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాకా, ఇటు కొత్తగూడెం, ఇల్లెందు దాటి ఖమ్మం, డోర్నకల్ దాకా విస్తరించిన అటవీ ప్రాంతంలో క్రైస్తవ సంఘాల చరిత్ర నూట అరవై ఏళ్లు దాటింది. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మతం మారారనే విషయం మీద ఇక్కడ ఎంతో వాదన జరిగింది గానీ, బాప్తిస్మం పొందిన మనిషి గుణశీలాలు ఆ తరువాత ఎలా రూపుదిద్దుకుంటాయి, దేవునియెడల భయభక్తులు తరం తరువాత తరంలో ఎలా నిలుస్తాయి అనే ప్రశ్నకు అందులో పదో వంతు శ్రద్ధ కూడా దక్కలేదు. దక్కిన ఆ కొద్దిపాటి చర్చ కూడా వేర్వేరు సంఘాల పరిభాషల్లో, వేర్వేరు కాలాల అవసరాల్లో చిక్కుపడి ఉన్నందున, దాని పూర్వాపరాలను ఒకచోట పరిశీలించడం అవసరం.

ప్రశ్న స్వరూపం

తెలుగు క్రైస్తవుల వాడుకలో భయభక్తులంటే శిక్షకు జడవడం కాదు. దేవుడు చూస్తున్నాడన్న ఎరుకతో నోటిని, చేతిని, సొమ్మును, కోపాన్ని అదుపులో ఉంచుకునే వినయం. ఆ వినయం నిత్య జీవితంలో అలవాటుగా స్థిరపడినప్పుడు దానిని దైవభక్తి అంటారు. తిమోతికి రాసిన మొదటి పత్రికలో పౌలు దీనిని వ్యాయామంలాంటి సాధనగా చెప్పగా, పేతురు రెండో పత్రిక విశ్వాసానికి సద్గుణాన్ని, జ్ఞానాన్ని, ఆశానిగ్రహాన్ని, సహనాన్ని, భక్తిని, సహోదర స్నేహాన్ని, ప్రేమను వరుసగా అమర్చుకోమని బోధిస్తుంది. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం మాత్రం ఒకేచోట రెండు వైపులా మాట్లాడుతుంది: విశ్వాసి భయంతో, వణుకుతో తన రక్షణను కొనసాగించుకోవాలి, అయితే అతనిలో ఆ కోరికనూ, ఆ క్రియనూ కలిగించేవాడు దేవుడే. శీల నిర్మాణం మనిషి సాధనా, దేవుని కృపా అన్న వాదమంతా ఈ రెండు మాటలను ఎలా కలిపి చదవాలన్న దగ్గర మొదలవుతుంది.

ఐరోపాలో ఆ వాదం దీర్ఘకాలం సాగింది. మనిషి క్రియల వల్ల కాక విశ్వాసం వల్లనే నీతిమంతుడిగా ఎంచబడతాడన్న లూథర్ బోధ, విశ్వాసిని నడిపించడానికి కూడా ధర్మశాస్త్రం పనికివస్తుందన్న కాల్విన్ బోధ, చిన్న గుంపులుగా కూడి వాక్యం చదవాలని 1675లో ప్రచురించిన పుస్తకంలో స్పేనర్ చేసిన సూచన, ప్రేమలో పరిపూర్ణత ఈ లోకంలోనే సాధ్యమన్న వెస్లీ బోధ, పూర్తి సమర్పణ వల్ల జయజీవితం లభిస్తుందని 1875 నుంచి కెసిక్ సభలు చేసిన ప్రచారం, ఇవన్నీ మిషనరీలతో పాటు తెలుగు నేలకు వచ్చాయి. అయితే ఇక్కడ వాటికి ఎదురైంది ఒంటరి మనస్సాక్షి కాదు. ఊరు, కులం, ఇంటిపేరు, గట్టు అనే వంశశాఖ, వేల్పు అన్నీ కలిసి ఒకే అల్లికగా ఉన్న జీవితం ఎదురైంది. అందువల్ల మన్యంలో చర్చ మొదటి నుంచీ రెండు ప్రశ్నల మధ్య నలిగింది: కొత్త విశ్వాసి విడిచిపెట్టవలసింది ఏది, విడిచిన దాని చోట నిలపవలసింది ఏది? ఈ రెండింటినీ ఒకటిగా భావించి, మొదటిదానికి జవాబు చెబితే రెండోదానికీ చెప్పినట్టేనని అనుకోవడమే ఈ చర్చలోని ప్రధాన లోపమని ఈ సమీక్ష అభిప్రాయం.

దుమ్ముగూడెం నుంచి డోర్నకల్ వరకు

ఎగువ గోదావరిని పడవల రాకపోకలకు అనువుగా మార్చాలన్న ఆర్థర్ కాటన్ ఆలోచన మేరకు 19వ శతాబ్ది మధ్యలో దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట, కాలువ పనులు సాగాయి. వాటిని పర్యవేక్షించిన సైనిక ఇంజనీరు హేగ్ అక్కడి ఆదివాసులైన కోయల మధ్య సువార్త పని జరగాలని కోరుకోగా, ఆ పనుల్లోనే ఉద్యోగిగా ఉండి క్రైస్తవుడైన వెంకటరామరాజు ఉద్యోగం వదిలి ఆ పనికి పూనుకున్నాడు. 1860ల మొదట్లో చర్చి మిషనరీ సొసైటీ ఆధ్వర్యంలో కోయ మిషన్ ఇలా మొదలైంది. 1871లో నౌకాయాన పథకం ఆగిపోయినా మిషన్ ఆగలేదు.

1870లలో దుమ్ముగూడెం వచ్చి దశాబ్దాలపాటు అక్కడే పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ కోయ భాష నేర్చుకుని, కోయల పెండ్లి, చావు, వేల్పుల ఆచారాలను 1876 నుంచి ఇండియన్ యాంటిక్వెరీ పత్రికలో వ్యాసాలుగా రాశాడు. దక్షిణ భారత కులాలు, తెగల గురించి 1909లో వెలువడిన థర్‌స్టన్ సంపుటాలు కోయల గురించి చెప్పినదాంట్లో చాలా భాగానికి ఆ వ్యాసాలే ఆధారం. కోయల ఆచారాలను అంత దగ్గరగా ఎరిగిన మిషన్ ఇక్కడ ఉండడం గమనించవలసిన విషయం. అయినా ఆ పరిజ్ఞానం కోయ విశ్వాసి భక్తి ఏ రూపం తీసుకోవాలన్న ఆలోచనకు పునాది కావలసినంతగా కాలేదు. మానవశాస్త్ర సమాచారంగా గ్రంథాల్లో నిలిచిపోయింది. కోయల్లో సంఘ విస్తరణ కూడా నెమ్మదిగానే సాగింది.

రెండో ఘట్టం డోర్నకల్‌ది. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు స్థాపించిన భారతీయ మిషనరీ సంఘం డోర్నకల్ ప్రాంతాన్ని తన క్షేత్రంగా ఎంచుకుంది. ఆ సంఘ స్థాపకుల్లో ఒకరైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడై ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడయ్యాడు. ఆయన 1945 జనవరి 1న మరణించేనాటికి డోర్నకల్ అధ్యక్ష మండలంలోని విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. దుమ్ముగూడెం కూడా కాలక్రమంలో ఈ మండలంలోనే చేరింది.

డోర్నకల్ పద్ధతి

గుణశీలాల నిర్మాణాన్ని ఒక వ్యవస్థగా ఆలోచించిన తొలి ప్రయత్నంగా ఈ ప్రాంతంలో డోర్నకల్‌నే చెప్పాలి. దాని కేంద్రం పల్లె ఉపదేశి, అంటే బడి చెబుతూ, ఆరాధన నడుపుతూ, బాప్తిస్మానికి సిద్ధపరిచే గ్రామ బోధకుడు. చదువురాని పెద్దలు ప్రభువు నేర్పిన ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు రాత్రిపూట వల్లె వేసి, బైబిలు కథలను భజనల్లో పాడి నేర్చుకునేవారు. ఉపదేశులతో పాటు వారి భార్యలకు కూడా శిక్షణ ఇవ్వడం ఈ పద్ధతిలోని విశేషం, ఎందుకంటే ఇంటి శుభ్రత, పిల్లల పెంపకం, వండేముందు పిడికెడు బియ్యం తీసి దేవుని కోసం దాచడం వంటి అలవాట్లు స్త్రీల ద్వారానే ఇంట్లో వేరూనతాయి. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటిని అజరయ్య దయ్యాలుగా లెక్కగట్టి వాటి మీద పోరాటాన్ని సువార్త పనిలో భాగం చేశాడు. బాప్తిస్మం పొందినవారు తలమీద చెయ్యి పెట్టుకుని, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ తప్పదన్న పౌలు మాటను తమ మాటగా పలికే ఆచారం కూడా ఆయనదే.

ఈ పద్ధతిలో శీలం వ్యక్తి గుణం మాత్రమే కాదు. మాల, మాదిగ కుటుంబాలు ఒకే పాత్రలోంచి ప్రభురాత్రి భోజనం తీసుకోవడం, పక్కపక్కన కూర్చుని భుజించడం ఆనాటి పల్లెల్లో భక్తికి కఠిన పరీక్షలు. ఏటేటా జరిపిన సాక్ష్య వారంలో సామాన్య విశ్వాసులే ఊళ్లు తిరిగి తమ జీవితాలను చూపుతూ మాట్లాడేవారు. దళితుల నడవడిలో వచ్చిన మార్పును చూసి ఇతర కులాలవారు కొందరు సంఘంలో చేరిన వైనాన్ని మెథడిస్టు మిషనరీ జె. వాస్కం పికెట్ 1938లో వెలువరించిన గ్రంథంలో వివరించాడు.

విమర్శ కూడా ఆ కాలంలోనే వచ్చింది. గాంధీ 1936–37లో హరిజన్ పత్రిక ద్వారా సామూహిక మతమార్పిడులను ప్రశ్నిస్తూ, వాటి వెనుక నిజమైన ఆధ్యాత్మిక మార్పు ఉందన్న వాదాన్ని అంగీకరించలేదు. దీనికి కొంత సమాధానం అంతకుముందే, 1933లో, పికెట్ వెలువరించిన సామూహిక ఉద్యమాల అధ్యయనంలో ఉంది. విశ్వాసులు చెప్పిన కారణాలను ఆధ్యాత్మికం, లౌకికం, సామాజికం, పుట్టుకతో వచ్చినది అని వర్గీకరించి చూసిన ఆ అధ్యయనం, మొదటి కారణం ఏదైనా బాప్తిస్మం తరువాత అందిన బోధ, ఆరాధన, సంరక్షణల నాణ్యతే విశ్వాసి ఎదుగుదలకు ఎక్కువగా తోడ్పడిందని తేల్చింది. మనిషి ఎందుకు వచ్చాడన్న దానికన్నా వచ్చిన తరువాత అతనికి ఏమి అందిందన్నది ముఖ్యమన్న ఈ నిర్ణయం ఈ చర్చ మొత్తంలో అత్యంత విలువైనది.

లోపలి నుంచి వచ్చిన విమర్శ ఇంకా సూటిగా ఉంది. ఉపదేశి ఉన్నంతకాలం నిలిచిన క్రమం అతడు బదిలీ అయితే సడలిపోవడం, వల్లె వేసిన ఆజ్ఞలు అర్థం కాకుండానే మిగలడం, సంఘ పెద్దల మెప్పు కోసం నడవడి దిద్దుకోవడం ఈ పద్ధతికి సహజమైన బలహీనతలు. దేవుని భయం ఉండవలసిన చోట ఉపదేశి భయం వచ్చి కూర్చుంటే భక్తి పైపూతగా మిగులుతుంది. తరువాత పుట్టిన ధోరణులన్నీ ఏదో ఒక మేరకు ఈ లోపానికి జవాబుగా వచ్చినవే.

తరువాతి ధోరణులు

నర్సాపురంలో 1836 నుంచి పాదుకున్న బ్రదరన్ సంఘాలు, 1950లో హైదరాబాదులో హెబ్రోను కేంద్రంగా బలపడిన భక్తసింగ్ ఉద్యమం వ్యక్తిగత మారుమనస్సు లేనిదే శీలం లేదని నొక్కిచెప్పాయి. లోకం నుంచి వేరుపడిన జీవితం, ప్రతి ఆదివారం రొట్టె విరచడం, దినదినం వాక్య ధ్యానం, నేల మీద కూర్చుని కలిసి భుజించే ప్రేమవిందు వీటి సాధనాలు. 1938లో ముంగమూరి దేవదాసు స్థాపించిన బైబిలు మిషన్ దేవుని సన్నిధిలో మౌనంగా కనిపెట్టడానికి పెద్దపీట వేసింది. పెంతెకొస్తు సంఘాలు పరిశుద్ధాత్మ అభిషేకాన్ని, ఉపవాస ప్రార్థనను, స్వస్థతను ముందుకు తెచ్చాయి. నేడు మన్యపు పల్లెల్లో ఎక్కువ చురుకుగా కనిపించేవి ఇవీ, ఇలాంటి స్వతంత్ర సంఘాలూ. 1988లో ఏర్పడిన ఖమ్మం మేత్రాసనం పరిధిలోని కథోలిక విచారణలు సంస్కారాల ద్వారా అందే కృప, దానితో పెంపొందే సుగుణాలు అన్న పాత మార్గాన్ని, తపస్సుకాలపు నియమాలతో, జపమాలతో కొనసాగిస్తున్నాయి.

ఈ ధోరణుల మధ్య తేడాను సిద్ధాంతాల్లో కన్నా ఒక ఆచరణలో స్పష్టంగా చూడవచ్చు. మళ్లీ తాగుడుకో, వ్యభిచారానికో, మోసానికో లోనైన విశ్వాసిని ఏ సంఘం ఏమి చేస్తుంది? డోర్నకల్ మండలం ఇప్పుడు భాగమైన దక్షిణ ఇండియా సంఘపు సంప్రదాయం అతనికి కొంతకాలం ప్రభురాత్రి భోజనాన్ని నిలిపివేసి, పెద్దల సమక్షంలో పశ్చాత్తాపం ప్రకటించాక తిరిగి చేర్చుకుంటుంది. అంటే శీలం సంఘమంతటి బాధ్యత. కథోలిక విశ్వాసి గురువు వద్ద పాపసంకీర్తనం చేసి ప్రాయశ్చిత్తం నెరవేరుస్తాడు. పతనం రహస్యంగా ఉన్నా పునరుద్ధరణకు నిర్దిష్టమైన దారి ఉంది. బ్రదరన్, హెబ్రోను సంఘాలు రొట్టె విరిచే సహవాసం నుంచి వేరుచేస్తాయి, కొన్నిసార్లు అతని రక్షణానుభవమే నిజమా అని మొదటి నుంచీ పరిశీలిస్తాయి. పెంతెకొస్తు సంఘం అతని కోసం ఉపవాసముండి, దురాత్మ బంధకం నుంచి విడుదల కోసం ప్రార్థిస్తుంది. ఇందులో కరుణ ఎక్కువ, అయితే తాగుడు దురాత్మ పనే అయితే తాగినవాడి బాధ్యత ఎంత అన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

విడిచిపెట్టవలసినవి ఏవి?

మన్యంలో చర్చ అత్యంత తీవ్రంగా ఉన్నది ఆచారాల విషయంలో. ఇప్పసారా దీనికి మంచి ఉదాహరణ. సారా మానడం ఆరోగ్యానికీ, కుటుంబానికీ, అప్పుల నివారణకూ మేలన్న విషయంలో సంఘాలన్నీ ఏకాభిప్రాయంతో ఉన్నాయి. తాగుడు మానిన మొగవాడి ఇల్లే పల్లెలో క్రైస్తవ శీలానికి అందరికీ కనిపించే గుర్తు. అయితే కోయ జీవితంలో ఇప్పసారా మత్తుపానీయం మాత్రమే కాదు. వేల్పుకు ధారపోసేది, వియ్యం కలుపుకునేటప్పుడు పంచుకునేది, తగవు తీరాక కలిసి తాగేది. దానిని మానిన విశ్వాసి వ్యసనంతో పాటు సమాధానపడే ఒక మార్గాన్ని కూడా కోల్పోతాడు. ఆ స్థానంలో రాజీకీ, వియ్యానికీ గుర్తుగా సంఘం ఏమి ఇచ్చిందన్న ప్రశ్న అరుదుగానే వినిపించింది.

తొలకరికి ముందు విత్తనాలకు మొక్కే భూమి పండుగ, కొత్త పంటను ముందు వేల్పుకు పెట్టి తరువాత ఊరంతా తినే కొత్తల పండుగ మరింత లోతైన చిక్కు తెస్తాయి. ఈ మన్యపు ఆదివాసులైన కొండరెడ్ల మీద మానవశాస్త్రవేత్త ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1945లో వెలువరించిన గ్రంథం చదివినవారికి, మామిడి మొదలుకొని ధాన్యం వరకు ఏ కొత్త పంటనూ మొక్కుబడి లేకుండా ముట్టని ఆ జీవితంలో భక్తి, భోజనం ఎంతగా పెనవేసుకున్నాయో తెలుస్తుంది. ఈ పండుగల విషయంలో మూడు వైఖరులున్నాయి. వేల్పుకు పెట్టినది తినడం దయ్యాల బల్లలో పాలుపొందడమేనని, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదో అధ్యాయాన్ని బట్టి, కొందరు పూర్తిగా దూరముంటారు. అదే పత్రిక ఎనిమిదో అధ్యాయాన్ని బట్టి విగ్రహం వట్టిదని, తినడంలో దోషం లేదని, అయితే బలహీన సహోదరునికి అభ్యంతరం కలగకూడదని మరికొందరు అంటారు. మూడో వైఖరి డోర్నకల్‌ది: పండుగను నిషేధించి ఊరుకోకుండా దానిని కోత పండుగగా మార్చి, వడ్లు, కోళ్లు, గుమ్మడికాయలు గుడికి తెచ్చి ప్రథమఫలంగా అర్పించడం.

మూడింటిలో మూడో వైఖరే శీల నిర్మాణానికి ఎక్కువ తోడ్పడుతుందని చెప్పడానికి బలమైన కారణముంది. నేల తనది కాదని, పంట దానమని, దాత కన్నా ముందు తాను తినకూడదని కోయ రైతు తన పూర్వీకుల నుంచి నేర్చుకున్న సంయమం భయభక్తులకు సహజమైన నేల. దానిని మూఢనమ్మకంగా పెకలించి, ఆ చోట ఆదివారపు కానుక కవరు ఒక్కటే పెడితే భక్తి పెరగదు, తరుగుతుంది. అయితే మైదానపు వరి పల్లెల్లో పుట్టిన కోత పండుగ అడవి క్యాలెండరుకు సరిపోదన్న అభ్యంతరం కూడా సమంజసమే. ఇప్పపువ్వుకు, తునికాకుకు, విత్తనాలకు కృతజ్ఞత చెప్పే ఆరాధన క్రమం ఎలా ఉండాలన్నది వేరుగా ఆలోచించవలసిన విషయం.

డప్పు విషయం దీనికి మరోవైపు. అమ్మవారి జాతరలో డప్పు కొట్టడం కులం మోపిన వెట్టి కాబట్టి దానిని మానడం ఆనాటి మాదిగ విశ్వాసులకు ఆత్మగౌరవ ప్రకటన. దళిత క్రైస్తవ ఆలోచనాపరులు తరువాతి కాలంలో అదే డప్పును తమ సంస్కృతిగా ఆరాధనలోకి ఆహ్వానించారు. ఒక తరం భక్తితో విడిచినదాన్ని మరో తరం భక్తితోనే చేపట్టవచ్చునని ఇది చూపుతుంది.

నిజాయితీ, భయం, డబ్బు

శీల చర్చను ఆచారాలకే పరిమితం చేయడం వల్ల మరుగున పడిన విషయాల్లో మొదటిది ధ్రువపత్రాల సమస్య. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం స్వీకరించిన దళితుడు షెడ్యూల్డు కులాల హోదా కోల్పోతాడు. షెడ్యూల్డు తెగలకు ఆ నిబంధన లేదు. అందువల్ల ఖమ్మం మైదానంలోని దళిత విశ్వాసి చర్చిలో ఒక పేరుతో, కాగితం మీద మరో మతంతో బతకవలసిన పరిస్థితి ఉండగా, అడవిలోని కోయ విశ్వాసికి ఆ ఒత్తిడి చట్టం నుంచి రాదు. దళిత విశ్వాసి ఇలా రెండు గుర్తింపులతో బతకడాన్ని అబద్ధమని ఖండించే బోధకులున్నారు. కులం వల్ల కలిగిన అన్యాయం మతంతో పోదు కాబట్టి అన్యాయమైన నిబంధనే ఆ అబద్ధానికి కారణమని వాదించేవారూ ఉన్నారు. రెండో వాదంలో న్యాయముంది. అయినా సత్యవర్తన గురించి బోధించే సంఘం ఈ విషయం మీద మౌనంగా ఉండడం మాత్రం యువతరం మనస్సాక్షికి మేలు చేయదు.

రెండోది భయం స్వభావం. ఊరి వేల్పు ఆగ్రహానికి వెరచి మొక్కు చెల్లించిన మనిషి, దశమభాగం ఇవ్వకపోతే పిల్లలకు జబ్బు చేస్తుందన్న బోధ విని కానుక వేస్తే, అతనిలో మారినది మొక్కు చేరే చోటు మాత్రమే. పరిపూర్ణ ప్రేమ భయాన్ని వెళ్లగొడుతుందన్న యోహాను బోధ, భయభక్తులే జ్ఞానానికి మూలమన్న సామెతల గ్రంథపు బోధ పరస్పరం విరుద్ధం కావు. మొదటిది శిక్షకు జడవడాన్ని తొలగిస్తే రెండోది ఆరాధనకు తగిన వినయాన్ని నిలుపుతుంది. ఐశ్వర్య బోధ, అంటే విశ్వాసానికి ప్రతిఫలంగా సంపద, ఆరోగ్యం తప్పక దక్కుతాయన్న బోధ, ఈ తేడాను చెరిపేస్తుంది. అజరయ్య కానుకల గురించి రాసిన పాఠాల్లో ఇవ్వడం కృతజ్ఞతాక్రియ. ఐశ్వర్య బోధలో అది పెట్టుబడి.

మూడోది సంఘకాపరి శీలం. పెద్దల సభ, లెక్కల తనిఖీ, బదిలీ వంటి కట్టుబాట్లు ఉన్న సంఘాల్లో వివాదాలు లేవని కాదు; వ్యాజ్యాలు, పదవుల పోరాటాలు వాటిని బాధిస్తూనే ఉన్నాయి. అయితే స్థలం, డబ్బు, వేదిక అన్నీ ఒకే కుటుంబం చేతిలో ఉన్న స్వతంత్ర సంఘంలో కాపరిని ప్రశ్నించే దారి అసలే ఉండదు. తిమోతికి, తీతుకు రాసిన పత్రికలు అధ్యక్షుడికి ఉండవలసిన అర్హతల్లో బోధనా సామర్థ్యం ఒక్కటి చెప్పి, మిగిలినవి చాలావరకు గుణశీలాల గురించే చెబుతాయన్నది ఇక్కడ గుర్తుచేసుకోదగినది.

తేలని విషయాలు

ఇంకా తేలని విషయాల్లో భాష ఒకటి. 19వ శతాబ్దిలోనే సువార్త భాగాలు కోయ భాషలోకి వచ్చినా, ఆరాధన, పాట, బోధ చాలావరకు తెలుగులోనే స్థిరపడ్డాయి. 2005 తరువాత మావోయిస్టు వ్యతిరేక సాయుధ ఉద్యమం సల్వాజుడుం రేపిన హింస వల్ల బస్తర్ నుంచి తరలివచ్చి ఈ అడవుల్లో నివసిస్తున్న గుత్తికోయలకు ఆ తెలుగు కూడా దూరమే. ప్రార్థించే భాష, పోట్లాడుకునే భాష, పిల్లవాణ్ణి మందలించే భాష వేరువేరైనప్పుడు నడవడి మీద బోధ ఎంతమేరకు పనిచేస్తుందన్నది ఇంకా ఎవరూ శ్రద్ధగా పరిశీలించని అంశం.

రెండో తరం సమస్య అన్ని ధోరణులకూ ఉమ్మడిది. తండ్రి సారా మాని మారినవాడు. కొడుకు మానడానికి సారా ఎన్నడూ ముట్టలేదు. విడిచిపెట్టడం మీదే కట్టిన శీల బోధ ఇలాంటి పిల్లలకు చెప్పగలిగేది తక్కువ. వారికి ఫోను, అప్పు, ఉద్యోగం, వివాహం విషయాల్లో ఆశానిగ్రహం నేర్పే పద్ధతి డోర్నకల్ ఉపదేశి నాటి రాత్రిబడికి సాటిగా ఇంకా రూపొందలేదు.

అన్నిటికన్నా కఠినమైనది చావు. కోయ ఊరిలో మృతుడు పూర్వీకుల్లో కలవడానికి ఊరంతా కలిసి చేసే క్రియలు ఉన్నాయి; వాటిలో పాల్గొనని విశ్వాసిని ఊరి నేలలో పాతిపెట్టవచ్చా అన్న వివాదం సరిహద్దుకు అవతల బస్తర్‌లో న్యాయస్థానాల దాకా వెళ్లింది. అలాంటి ఒక కేసులో 2025 జనవరిలో సుప్రీంకోర్టు ధర్మాసనంలోని ఇద్దరు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయాలు వ్యక్తం చేసి, చివరికి దూరంగా ఉన్న క్రైస్తవ శ్మశానంలో ఖననానికి ఆదేశించారు. ఆచారాలను కాపాడే అధికారాన్ని 1996 నాటి పెసా (షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీ విస్తరణ) చట్టం గ్రామసభకు ఇచ్చింది. మతస్వేచ్ఛను రాజ్యాంగం వ్యక్తికి ఇచ్చింది. తల్లిదండ్రులను సన్మానించాలన్న ఆజ్ఞను పాటించే విశ్వాసి, క్రైస్తవుడు కాని తండ్రి దినాల్లో ఎంతవరకు నిలబడాలి, ఏ క్రియకు పక్కకు తప్పుకోవాలి, తప్పుకున్నా ఊరి దుఃఖంలో తన భాగాన్ని ఏ పనితో చూపాలి అన్నవాటికి కోయ సంఘ పెద్దలే కూర్చుని రాసుకున్న నియమావళి ఉంటే, అది బయటివారి తీర్పుల కన్నా ఎక్కువగా ఊరి శాంతికి ఉపకరిస్తుంది.